పాలకొల్లులో పెద్దవాళ్ళ పొద్దుటి క్లాసు: మీ ఇంట్లోవాళ్ళని పంపొచ్చా?

అరవై దాటినవాళ్ళ కోసం మా ఊళ్ళో కాలువ గట్టు పక్కనున్న ఒక కల్యాణ మండపంలో పొద్దున్నే వ్యాయామం క్లాసు నడుస్తోంది. మా మావయ్యగారు, అత్తయ్యగారు దాళ్వా (రెండో పంట వరి) నాట్ల రోజుల నుంచి వెళ్తున్నారు. నాది టైలరింగ్ షాపు. తొమ్మిదిన్నర దాకా తెరవను గనక నేనూ తరచు వాళ్ళతో వెళ్ళి వెనక కుర్చీలో కూర్చుని చూస్తుంటాను. జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చేవాళ్ళు "మా అత్తగారిని పంపొచ్చా అండీ?", "మా నాన్నగారికి మోకాళ్ళ నొప్పులు, పనికొస్తుందా?" అని అడుగుతూనే ఉన్నారు. అందరికీ ఉపయోగపడుతుందని వివరంగా రాస్తున్నాను.

పంపండి. లోపాలున్నాయి, అవీ చెప్తాను. అయినా పంపండి.

సోమవారం నుంచి శనివారం దాకా 6.15కి మొదలై 7 గంటలకి వ్యాయామం అయిపోతుంది. తర్వాత ఏడున్నర దాకా, ఒక్కోరోజు ఎనిమిది దాకా టీ, కబుర్లు. నెలకి 200 రూపాయలు. ప్రభుత్వ పింఛను మీద బతికేవాళ్ళకి 100. నడిపేది రిటైరైన డ్రిల్లు మాస్టారు. సోమ, బుధ, శుక్రవారాల్లో ఫిజియోథెరపీ చదివిన అమ్మాయి ఒకామె భీమవరం నుంచి బస్సులో వస్తుంది. కాళ్ళ బలం, తూలకుండా నిలబడడం ఆ మూడు రోజులూ ఆ అమ్మాయి చేయిస్తుంది. మంగళ, గురువారాలు మాస్టారితో గట్టు మీద నడక. శనివారం కోలాటం.

నాకు బాగా నచ్చిన సంగతి, చేరిన రోజే చేతులూ కాళ్ళూ ఆడించమనరు. ముందు కూర్చోబెట్టి అడుగుతారు. ఏ మాత్రలు వేసుకుంటున్నారు, ఈ ఏడాదిలో ఎప్పుడైనా పడ్డారా, లేచి నిలబడితే కళ్ళు తిరుగుతాయా, నడుస్తుంటే గుండెల్లో పట్టేసినట్టు ఉంటుందా. బీపీ చూస్తారు. గుండెకి స్టెంటు వేయించుకున్నవాళ్ళని డాక్టరుతో చీటీ రాయించుకు రమ్మంటారు. షుగరు మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్ళు ఖాళీ కడుపుతో రాకూడదు, రెండు ఇడ్లీలైనా తిని రావాలి.

తర్వాత రెండు చిన్న పరీక్షలు. చేతుల్లేని కుర్చీని గోడకి ఆనించి కూర్చోబెడతారు. రెండు చేతులూ ఛాతీ మీద కట్టుకుని 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కపెడతారు. అమెరికాలో సీడీసీ అనే ప్రభుత్వ ఆరోగ్య సంస్థ, పెద్దవాళ్ళు పడిపోకుండా చూడడానికి వాడే పరీక్ష ఇది. వాళ్ళ లెక్క ప్రకారం 75 నుంచి 79 ఏళ్ళ మగవాళ్ళు 11 సార్ల కన్నా, ఆడవాళ్ళు 10 సార్ల కన్నా తక్కువ లేస్తే పడిపోయే ప్రమాదం ఉన్నట్టు. రెండోది, కుర్చీలోంచి లేచి 3 మీటర్లు నడిచి, వెనక్కి తిరిగొచ్చి కూర్చోవడం. దానికి 12 సెకన్లు గానీ అంతకన్నా ఎక్కువ గానీ పడితే జాగ్రత్త పడాలి. మావయ్యగారికి 76 ఏళ్ళు. మొదటి రోజు 6 సార్లు లేచి ఇంక నా వల్ల కాదన్నారు. మొన్న ఆషాఢంలో మళ్ళీ చూస్తే 11 వచ్చింది. ఈ పరీక్ష మీ ఇంట్లోనూ చేయొచ్చు, పక్కన ఒక మనిషి మాత్రం ఉండాలి.

మావయ్యగారి సంగతి కొంచెం చెప్పాలి. ఈ చుట్టుపక్కల చాలా ఇళ్ళల్లో ఇదే కథ ఉంది.

ఆయన సోమరి కారు. సార్వా, దాళ్వా రెండు పంటలూ దగ్గరుండి చేయించిన మనిషి. తెల్లారగట్ల లేచి చేలోకి వెళ్ళడం, గట్లన్నీ తిరగడం, నీళ్ళు ఏ మడికి ఎక్కాయో చూడడం, కూలీలతో మాట్లాడడం, వచ్చేటప్పుడు టీ కొట్టు దగ్గర ఆగి ఊరి సంగతులన్నీ విని రావడం. ఎన్ని కిలోమీటర్లు నడిచారో ఆయనే ఎప్పుడూ లెక్కపెట్టుకోలేదు. చుట్టూ ఉన్న చేలన్నీ ఒక్కొక్కటే చేపల చెరువులయ్యాయి. పక్కన చెరువులుంటే మధ్యలో మా చేలోకి ఊట దిగి వరి నిలవలేదు. మేమూ చెరువుకి లీజుకిచ్చేశాం. డబ్బు ఇంటికే వస్తోంది. ఆయన వెళ్ళాల్సిన చోటు మాత్రం లేకుండా పోయింది. ఏడాది తిరిగేసరికి వరండాలో కుర్చీ, లోపల టీవీ, మంచం. తొడలు సన్నబడ్డాయి. స్నానాల గది గడప దాటడానికి గోడ పట్టుకోవడం మొదలుపెట్టారు.

డాక్టరు నడవమన్నారు. మా ఆయన చెప్పారు, నేనూ చెప్పాను. "ఎక్కడికి నడవమంటావమ్మాయ్? ఏం పని మీద?" అన్నారు. ఆ ప్రశ్నకి ఇంట్లో ఎవరి దగ్గరా జవాబు లేదు. మా మరిది హైదరాబాదు నుంచి కూర్చుని తొక్కే పెడల్ మిషను పంపించాడు. వస్తువు మంచిదే, ముసురు పట్టిన రోజుల్లో ఇప్పుడు వాడుతున్నారు. అప్పట్లో మాత్రం మంచం కిందే ఉండిపోయింది.

క్లాసువాళ్ళు చేసిన పని ఏమిటంటే, కొత్తగా చేరే ప్రతి ఒక్కరికీ అదే వీధిలోనో, పక్క వీధిలోనో ఉన్న పాత మనిషిని జంట వేస్తారు. మావయ్యగారికి వెనక వీధిలో ఉండే, కరెంటు ఆఫీసులో లైన్‌మన్‌గా చేసి రిటైరైన ఆయన్ని వేశారు. ఆరింటికల్లా ఆయన మా గేటు దగ్గర నిలబడి "ఏవండీ, లేచారా?" అని పిలుస్తారు. ఈయన లోపల్నుంచి "ఆయ్, వస్తన్నానండీ" అంటారు. మొదటి వారం వెళ్ళింది వ్యాయామం కోసం కాదు, మొహమాటం కొద్దీ. పెద్దమనిషి వాకిట్లో నిలబడి పిలుస్తుంటే రానని ఎలా చెప్పడం? మన వైపు ఆ మొహమాటానికి ఉన్న బలం నడవమని రాసిచ్చిన చీటీకి లేదు. కొడుకు మాట, కోడలి మాట కొట్టేయొచ్చు. గేటు దగ్గర నిలబడ్డ బయటి మనిషిని ఖాళీగా తిప్పి పంపడం గోదావరి జిల్లాలో పుట్టినవాళ్ళకి చేతకాదు. ఎక్కడైనా ఇలాంటి క్లాసు పెట్టాలనుకునేవాళ్ళు మ్యాట్లు, డంబెల్స్ కొనేముందు ఈ జంటల పద్ధతి పెట్టండి.

రెండు రోజులు వరసగా రాకపోతే జంట మనిషి ఇంటికి వచ్చి కనుక్కుంటారు. అటెండెన్స్ పుస్తకం ఉంది. ఇప్పుడు మావయ్యగారికే ఒక కొత్తాయన్ని జంట ఇచ్చారు. రాత్రి తొందరగా పడుకుంటున్నారు, ఆయన్ని లేపాలని.

వ్యాయామం విషయానికొస్తే, చూడ్డానికి సాదాగా ఉంటుంది. అర లీటరు నీళ్ళ సీసాలు చేత్తో పట్టుకుని పైకి ఎత్తడం, కుర్చీ వీపు పట్టుకుని మునివేళ్ళ మీద లేవడం, ఒక పాదం ముందు ఇంకో పాదం ఆనించి నిలబడడం, నేల మీద గీసిన గీత వెంట నడవడం, ఉన్నచోటే కవాతు. ఆయాసం ఎంతుండాలో ఆ అమ్మాయి చెప్పే కొలత తేలిక: చేస్తూ మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. పాడగలిగితే ఇంకొంచెం చురుగ్గా చేయమంటుంది, మాట కూడా రాకపోతే కూర్చోబెడుతుంది. 65 దాటినవాళ్ళు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ చేయాలని, అందులో మూడు రోజులైనా బలానికి, తూలకుండా నిలబడడానికి పనికొచ్చేవి ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. ఇక్కడ ఆరు రోజులూ వస్తే 270 నిమిషాలు అవుతుంది. మూడు రోజులే వచ్చేవాళ్ళకి 135, అంటే ఇంటికి నడిచి వెళ్తే సరిపోతుంది. మాస్టారు అందుకే వచ్చేటప్పుడు ఆటోలో వచ్చినా వెళ్ళేటప్పుడు నడవగలిగినంత నడవమంటారు.

చివరి పది నిమిషాలు బంతాట. కుర్చీలు గుండ్రంగా వేసి, ఎదుటివాళ్ళ పేరు గట్టిగా పిలిచి మెత్తటి బంతి వేయాలి. దీని గురించి రాయకుండా ఉండలేను, ఎందుకంటే మా అత్తయ్యగారు మారింది ఇక్కడే.

ఆవిడకి 71. పుట్టిల్లు నరసాపురం పక్కన పల్లెటూరు. పదేళ్ళ వయసు నుంచీ లేసు అల్లారు. నరసాపురం లేసుకి 2024లో జీఐ గుర్తింపు (ఆ పేరు ఆ ప్రాంతపు సరుకుకే చెందుతుందనే గుర్తింపు) వచ్చిందని పేపర్లో చూసి అందరం సంతోషించాం. ఆ లేసు అల్లిన చేతులు ఎలా ఉంటాయో మాత్రం ఇంట్లోవాళ్ళకే తెలుసు. గోడకి ఆనుకుని, కాళ్ళు చాపుకుని, మెడ వంచి గంటల తరబడి సూది ఆడిస్తే మిగిలేది పట్టేసిన మెడ, పైకి లేవని భుజం. అత్తయ్యగారు జడ తనంతట తాను వేసుకోలేక చాలా రోజులైంది. అయినా భుజం కన్నా పెద్ద బాధ ఇంకోటి ఉందని నాకనిపించేది. ఆవిడని పేరు పెట్టి పిలిచే మనిషి లేరు. పెళ్ళయ్యాక కోడలు, తర్వాత పెద్దోడి తల్లి, ఇప్పుడు మామ్మగారు. పేరు పెట్టి పిలిచే అక్కగారు పోయాక ఆ పేరు రేషన్ కార్డులో ఒక్కచోటే మిగిలింది. క్లాసులో మొదటిసారి ఎవరో ఆవిడ పేరు పిలిచి బంతి వేస్తే పట్టుకోలేదు, తనని పిలిచారని తెలియక. రెండోసారి పట్టుకున్నారు. ఇప్పుడు మగవాళ్ళ పేర్లకి 'గారు' చేర్చి ఆవిడే గట్టిగా పిలుస్తారు. భుజం పూర్తిగా పైకి లేవట్లేదు, చెవి దాటి మాత్రం వెళ్తోంది. జడ మూడొంతులు తనే అల్లుకుంటున్నారు.

మొదట్లో టీ దగ్గర ఎవరి వీధివాళ్ళు వాళ్ళు ఒకచోట కూర్చునేవారు. దళితుల పేట నుంచి వచ్చేవాళ్ళు తలుపు దగ్గర కుర్చీల్లోనే ఉండిపోయేవారు. మాస్టారు దాని మీద ఉపన్యాసం ఇవ్వలేదు. బంతాట ఆఖర్లో ఎవరి పేరు పిలిచారో వాళ్ళ పక్కనే కూర్చుని టీ తాగాలని నియమం పెట్టారు, అంతే. కొందరు ముఖం ముడుచుకున్నారు, ఒకాయన మానేశారు. మాస్టారు నియమం మార్చలేదు. ఈ ఒక్క పనికి ఆయనంటే నాకు చెప్పలేనంత గౌరవం.

శనివారం కోలాటం చూడాలి మీరు. ఆడవాళ్ళకి అడుగులు చిన్నప్పుడు నేర్చినవే, కాళ్ళు గుర్తుపెట్టుకున్నాయి. అడుగు వేస్తూ, పక్కకి తిరుగుతూ, ఎదుటివాళ్ళ కోల మీద తాళం తప్పకుండా కొడుతూ, నోటితో పాట అందుకోవాలి. ఇన్నీ ఒకేసారి చేయడం పెద్ద సాధన. ఎవరో పిలిస్తే తిరిగి చూస్తూ తూలిపోయిన పెద్దవాళ్ళని మనందరం ఇళ్ళల్లో చూశాం కదా, దానికి ఇంతకన్నా మంచి అభ్యాసం నాకు కనిపించలేదు. కోలాటం రానివాళ్ళు, మోకాళ్ళు బాగా అరిగినవాళ్ళు కుర్చీలో కూర్చుని చిడతలు వాయిస్తారు. ఎవర్నీ ఊరికే చూస్తూ కూర్చోనివ్వరు.

టీలో చక్కెర అడిగితేనే వేస్తారు. కళ్ళు బాగున్న ఒకాయన పేపరు పైకి చదువుతారు. అష్టాచమ్మా పీట బల్ల మీద పెట్టారు, కింద కూర్చుని లేవలేనివాళ్ళ కోసం. బుధవారం ఒక డిగ్రీ కుర్రాడు వచ్చి ఫోన్లు నేర్పుతాడు: వీడియో కాల్ ఎలా చేయాలి, ఓటీపీ అడిగితే ఎందుకు చెప్పకూడదు, రిటైరైనవాళ్ళ లైఫ్ సర్టిఫికెట్ ఫోన్లోనే ఎలా ఇవ్వాలి. కువైట్‌లో ఉన్న మనవరాలికి ఒకావిడ తనంతట తాను ఫోన్ చేసి అక్కడున్న అందరి ముఖాలూ చూపించడం నేను చూశాను. హాలు గోడకి ఫిజియో అమ్మాయి ఒక కాగితం అంటించింది. ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారని, ఏడాదికి 8,71,000కు పైగా మరణాలకి దానితో సంబంధం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 జూన్‌లో చెప్పిన లెక్క అది. కిందే పెద్దవాళ్ళ కోసం ఉన్న ఉచిత ఫోన్ నంబరు 14567. ఇంట్లో ఇబ్బంది పెడుతున్నా, పింఛను సంగతి తెలియకపోయినా, మాట్లాడే దిక్కు లేకపోయినా పొద్దున్న ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా చేయొచ్చు. ఆ నంబరు పెద్దక్షరాలతో రాయడం మంచి ఆలోచన.

ఇక లోపాలు.

హాలు ముందు ఐదు మెట్లున్నాయి, పట్టుకోవడానికి రైలింగు లేదు. పడిపోకుండా ఉండడం నేర్పే చోటికి పడిపోయేలాంటి మెట్లు ఎక్కి వెళ్ళాలి. నడవగలిగినవాళ్ళు అటూ ఇటూ నిలబడి చెయ్యి అందిస్తున్నారు, కానీ అది పద్ధతి కాదు. మరుగుదొడ్డి ఒకటే, అదీ కింద కూర్చునేది. ఈ ఒక్క కారణంతో టీ తాగకుండా ఇంటికి పరుగెత్తే ఆడవాళ్ళున్నారు, పొద్దున్నుంచి నీళ్ళు తాగకుండా వచ్చేవాళ్ళూ ఉన్నారు. వేసవి ఉక్కపోతలో అది ప్రమాదం. నేల గ్రానైటు, వానకి తడికాళ్ళతో వస్తే జారుతుంది. రబ్బరు మ్యాట్లు గుమ్మం దగ్గరే వేశారు, హాలంతా లేవు. మైకు గోల ఎక్కువ, వినికిడి మిషను పెట్టుకున్నవాళ్ళు తీసి జేబులో పెట్టుకుంటున్నారు.

పెళ్ళిళ్ళ సీజను ఇంకో ఇబ్బంది. ఆషాఢంలో ముహూర్తాలు లేవు గనక ఒక్క రోజు కూడా ఆగలేదు. శ్రావణం రాగానే హాలు పెళ్ళివాళ్ళది. ముందు రోజు రాత్రి వాట్సాప్‌లో "రేపు లేదు" అని వస్తుంది. వాట్సాప్ లేనివాళ్ళు వచ్చి, భజంత్రీలు చూసి వెనక్కి వెళ్తున్నారు. ఆ రోజుల్లో గట్టు మీద నడక పెట్టొచ్చు గానీ, వాన పడితే గట్టు బురద, పైగా కుక్కలు. దగ్గర్లో బడి ఆవరణ అడిగితే బాగుంటుంది. ఒకటో తారీఖున పింఛను ఇంటికి తెచ్చిస్తారు గనక ఆ పొద్దున్న ఎలాగూ సగం మంది రారు.

అన్నిటికన్నా నన్ను బాధపెట్టేది, ఈ క్లాసు ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్ళలో చాలామంది రాలేకపోవడం. పక్షవాతం వచ్చి సగం కోలుకున్నవాళ్ళు, మూడు కిలోమీటర్ల అవతల పల్లెల్లో ఒంటరిగా ఉన్న ఆడవాళ్ళు, ఆటోకి రోజూ డబ్బు పెట్టలేనివాళ్ళు. నెలకి రెండు ఆదివారాలు జంటలు అలాంటి ఇళ్ళకి వెళ్ళి కుర్చీలో చేసేవి చేయిస్తామని మాస్టారు అంటున్నారు. మావయ్యగారు పేరు ఇచ్చారు. ఇంకా మొదలవ్వలేదు. మొదలైతే ఈ రివ్యూలో ఐదుకి ఐదు వేస్తాను, ప్రస్తుతానికి నాలుగు.

పంపేవాళ్ళకి కొన్ని మాటలు. హవాయి చెప్పులు వద్దు, మడమ వెనక పట్టీ ఉన్నవి కొనండి, పాలకొల్లు బజార్లో నాలుగైదు వందలకి దొరుకుతాయి. చీర కట్టేవాళ్ళు కుచ్చిళ్ళు బెత్తెడు పైకి కట్టుకుంటే కోలాటంలో కాలికి తగలవు. మొదటి వారం తొడలు నొప్పి పెడతాయి, అది మామూలే. కీలు వాచినా, గుండెల్లో నొప్పి వచ్చినా, కళ్ళు తిరిగినా వెంటనే ఆపి డాక్టరుకి చూపించాలి. మీరు కూడా ఒకటి రెండు రోజులు వెళ్ళి వెనక కూర్చోండి, తర్వాత మానేయండి. కోడలు, కొడుకు పక్కనుంటే వాళ్ళు మన వైపే చూస్తారు, కొత్తవాళ్ళతో మాట కలపరు.

చేరడానికి సోమవారం రండి, ఫిజియో అమ్మాయి ఉంటుంది. మందుల చీటీలు తెచ్చుకోండి. డబ్బు కట్టేటప్పుడు మెట్లకి రైలింగు ఎప్పుడు పెట్టిస్తారని మీరూ అడగండి. నేను రెండుసార్లు అడిగాను, మండపం ఓనరుతో మాట్లాడతామన్నారు. నలుగురు అడిగితే కార్తీకం పెళ్ళిళ్ళ లోపు పని అవుతుంది.